ఇంటి స్లాబుకు ఇనుము బదులు ఫైబర్‌గ్లాస్ కడ్డీలు వేయవచ్చా?

విజయవాడలో రెండంతస్తుల ఇల్లు కడుతూ పిల్లర్లకు, బీములకు, స్లాబుకు ఇనుము మానేసి ఫైబర్‌గ్లాస్ కడ్డీలు వాడవచ్చా అని అడిగారు; వద్దనే నా సలహా.

ఈ కడ్డీలు తుప్పు పట్టవు, బరువులో ఇనుముకు దాదాపు నాలుగో వంతే ఉంటాయి, లాగుడు బలంలోనూ తీసిపోవు. అయితే ఇనుము స్థితిస్థాపక గుణకం (బరువు పడ్డప్పుడు సాగకుండా నిలిచే బిగువు కొలత) 200 గిగాపాస్కల్స్ కాగా వీటిది సుమారు 50 మాత్రమే కాబట్టి, ఇనుము లెక్కకే వీటిని వేస్తే స్లాబు ఎక్కువగా కిందికి వంగి పగుళ్లు వెడల్పవుతాయి. ఇనుము తెగేముందు సాగి హెచ్చరిస్తుంది. ఇవి ఒక్కసారిగా తెగుతాయి. భూకంపాలను తట్టుకునే కట్టడాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 1893 (2016) విజయవాడను మధ్యస్థ ప్రమాదం ఉన్న భూకంప జోన్ 3లో చేర్చింది కనుక పిల్లర్ల విషయంలో ఇది చిన్న లోపం కాదు. రింగుల కోసం మేస్త్రి సైటులో బల్లమీద వంచబోతే, గాజు పోగులను పట్టి ఉంచే రెసిన్ అనే గట్టిపడిన జిగురు చిట్లి గాజు పోగులు బయటపడతాయి. వంపులన్నీ ఫ్యాక్టరీలోనే తయారై రావాలి. అగ్నిప్రమాదంలో రెసిన్ ఇనుముకన్నా చాలా ముందే మెత్తబడుతుంది.

సూర్యలంక వంటి ఉప్పుగాలి తగిలే తీరంలో, నేలమీద పరిచే కాంక్రీటుకు మాత్రం ఇవి నిజంగా మేలైనవి. అక్కడ వాడదలిస్తే ఈ కడ్డీల భారత ప్రమాణం ఐఎస్ 18256 (2023) ప్రకారం పరీక్షించిన ధ్రువపత్రం అడగండి, స్ట్రక్చరల్ ఇంజనీరుతో డిజైను వేరుగా చేయించండి.