దీపం కొండెక్కకముందే రాసుకో

అమ్మడూ,

నేర్చుకున్నవీ, చేసినవీ ఎలా రాసి పెట్టుకోవాలని ఆదివారం ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. నువ్వు విక్కా వైపు, అంటే ప్రకృతిని కొలుస్తూ తమను విచ్‌లని చెప్పుకునే మా మతం వైపు, వచ్చావని తెలిసి మీ అమ్మ కంగారుపడుతోంది. మన వైపు విచ్ అంటే చేతబడి, బాణామతే గుర్తొస్తాయి మరి. చెల్లికి నేను నచ్చజెబుతాలే. నువ్వు మాత్రం ఈ వారమే పుస్తకం మొదలుపెట్టు.

అట్ట మీద బంగారు నక్షత్రం ఉన్న ఖరీదైన పుస్తకం కొనకు. అంత అందమైనదాంట్లో కొట్టివేతలు చెయ్యడానికి చెయ్యి రాదు. గీతల నోట్‌బుక్, బాల్ పెన్ చాలు. అలాంటివి రెండు తీసుకో.

ఒకటి బుక్ ఆఫ్ షాడోస్. క్రతువులు, మంత్రాలు, మూలికల వివరాలు అందులో. ఎవరి దగ్గర నేర్చుకున్నా స్వదస్తూరితో ఎత్తిరాసుకోవడం విక్కాలో ఆచారం. ఎక్కణ్ణుంచి ఎత్తిరాశావో పక్కనే రాయడం మరిచిపోకు. 1953లో దీక్ష తీసుకున్న డోరీన్ వాలియెంట్, విక్కాను ప్రచారంలోకి తెచ్చిన తన గురువు జెరాల్డ్ గార్డనర్ పుస్తకంలో అలీస్టర్ క్రోలీ అనే మాంత్రిక రచయిత వాక్యాలు ఉన్నాయని పోల్చుకుంది. తర్వాత చాలా భాగం తనే తిరగరాసింది. ఇవాళ అనాదిగా వస్తున్నాయని జనం చదివేవాటిలో ఆవిడ సొంత మాటలు ఎన్నో ఉన్నాయి. మార్చడం తప్పు కాదమ్మా, మార్చిన సంగతి తెలియకుండా పోవడమే తప్పు.

రెండోది డైరీ. నా బెంగంతా దీని గురించే.

2009లో మీ పెదనాన్న ఉద్యోగం పోయింది. ప్రతి ఇంటర్వ్యూ ముందు రాత్రీ ఆకుపచ్చ కొవ్వొత్తి వెలిగించి కూర్చునేదాన్ని. పని దొరికిన రోజు ఆనందంతో రెండు పేజీలు రాశాను. ఆ తర్వాత ఎప్పుడో పాత కాగితాలు సర్దుతుంటే ఆ ఏడాది ఫ్రిజ్ మీద ఉండే క్యాలెండర్ దొరికింది. వెలిగించిన రోజులకు సున్నాలు చుట్టి ఉన్నాయి, నాలుగు సున్నాలు. నా డైరీలో ఉన్నది నాలుగోది ఒక్కటే! మొదటి మూడింటి గురించి ఒక్క ముక్క కూడా లేదు. అబద్ధం రాయాలని రాయలేదు, దిగులుగా ఉన్న రోజున పెన్ను పట్టబుద్ధి కాలేదంతే. కానీ ఆ డైరీ చదివినవాళ్లెవరైనా నేను పట్టిందల్లా బంగారం అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

అందుకే చెబుతున్నా, దీపం కొండెక్కకముందే రాసుకో. ఏం కోరావు, ఎప్పటిలోగా జరగాలనుకున్నావు, ఒంట్లో ఎలా ఉంది, ఏం తిన్నావు, మనసు ఎక్కడెక్కడికి పోయింది, అన్నీ. కింద నాలుగు గీతలు ఖాళీగా వదులు. ఏం జరిగిందో తర్వాత అక్కడ నింపాలి. ఏమీ జరక్కపోతే జరగలేదనే రాయాలి. జోస్యానికి వాడే టారో కార్డులు తీసినా అంతే, ఏ కార్డు వచ్చిందన్నది కాదు, ఆ నిమిషంలో నీకేం అర్థమైందన్నది కావాలి.

తేదీతో పాటు చంద్రుణ్ణీ రాయి. ఇక్కడ బ్రిటన్‌లో న్యూ మూన్ అంటే కొందరికి అమావాస్య, కొందరికి సన్నటి నెలవంక. నువ్వు మన మాటే వాడు, గందరగోళం ఉండదు. హైదరాబాద్ పంచాంగం చూసేటట్లయితే శీతాకాలంలో ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు తీసెయ్యాలి. జనవరిలో పున్నమి తెల్లవారుజామున 3 దాకా అని ఉంటే నీకు ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకే అయిపోతుంది.

మూలికల దగ్గర మాత్రం టెన్షన్ పడు, నేనేమీ అనుకోను. ఒక ఏప్రిల్‌లో కాలవ గట్టున కాంఫ్రీ అనే మూలిక అనుకుని ఆకులు కోసుకొచ్చాను. అలవాటు కొద్దీ ఒక ఆకు పేజీ మీద పెట్టి, చుట్టూ పెన్సిల్ తిప్పి, దొరికిన చోటు రాశాను. గీస్తుంటే పెన్సిల్ అంచు వెంట సాఫీగా పోవడం లేదు, సన్నగా రంపపు పళ్లలా తగులుతోంది. కాంఫ్రీ అంచు నున్నగా ఉండాలి. ఆకులన్నీ పారేశాను. జూన్‌లో అదే చోటికి వెళ్తే ఊదారంగు గంటలు వేలాడుతున్నాయి, ఫాక్స్‌గ్లవ్. కషాయం కాచి తాగితే గుండె మీద దెబ్బ కొట్టే విషం అది. ఫోటో తీసి ఊరుకుని ఉంటే నాకు ఆ అంచు తెలిసేది కాదు.

ఇంకొకటి, ఇది గట్టిగానే చెబుతున్నా. ఒంట్లో బాగాలేదనో, పని చెడిందనో ఎవరి పేరూ కారణంగా రాయకు. ఫలానా ఆమె దిష్టి, ఫలానా వాడి ఏడుపు, ఇవేవీ వద్దు. మన పల్లెల్లో మంత్రాలు చేశారన్న అనుమానంతోనే మనుషుల్ని కొట్టి చంపారు. అలాంటి అనుమానం నీ చేతిరాతలో ఉండకూడదు. కోపం వస్తే కోపం వచ్చిందని రాసుకో, చాలు.

అక్టోబర్ 31న మా సావిన్ పండుగ. ఏడాది మారేది అప్పుడే అని మాలో చాలామంది లెక్క. ఆ రాత్రి నేను ఏడాది డైరీ మొత్తం చదువుతాను. రెండు రోజులు ముందే వచ్చెయ్, కాలవ గట్టు చూపిస్తా. పక్క గదిలో నీ పుస్తకం నువ్వు చదువుకుందువు గాని. ఖాళీ గీతలు అప్పటికి నింపి ఉంచు.

మీ పెద్దమ్మ