క్లోజింగ్ డిస్‌క్లోజర్‌లో మొత్తం పెరిగితే లెండర్ మోసం చేసినట్టేనా?

క్లోజింగ్ డిస్‌క్లోజర్‌లో (క్లోజింగ్, అంటే కొనుగోలు పూర్తయ్యే రోజుకు ముందు లెండర్ ఇచ్చే తుది లెక్కల కాగితం) కట్టాల్సిన డబ్బు లోన్ ఎస్టిమేట్ (లోన్‌కు అప్లై చేసినప్పుడు ఇచ్చే అంచనా కాగితం) కంటే బాగా ఎక్కువుంది, ఇది మోసమేమో అని అడిగారు. అమెరికాలో ఇల్లు కొన్నప్పుడు మాకూ ఇదే టెన్షన్. ఆ చివరి అంకెను కాసేపు వదిలేసి, రెండు కాగితాల్లోనూ రెండో పేజీ తీసి సెక్షన్ల వారీగా పోల్చండి.

ఎ సెక్షన్‌లో ఉండేవి లెండర్ సొంత ఫీజులు. రేటు లాక్ చేయడం, లోన్ మొత్తం మారడం లాంటి సరైన కారణం లేకుండా అక్కడ ఒక్క డాలర్ కూడా పెంచకూడదు. మాకు ఎస్టిమేట్‌లో లేని ప్రాసెసింగ్ ఫీజు ఒకటి అక్కడ ప్రత్యక్షమైంది. "ఏం మారిందని ఇది వేశారు?" అని మెయిల్ పెడితే మారుమాట లేకుండా తీసేశారు. ఇలాంటివి ఫోన్‌లో కాకుండా మెయిల్‌లోనే అడగండి. అడిగితే క్లోజింగ్ వాయిదా పడుతుందని భయపడక్కర్లేదు. ఏపీఆర్ (ఫీజులు కూడా కలిపిన ఏడాది వడ్డీ రేటు) పరిమితి దాటి మారినా, లోన్ రకం మారినా, ప్రీపేమెంట్ పెనాల్టీ (లోన్ ముందే తీర్చేస్తే వేసే జరిమానా) చేర్చినా తప్ప, క్లోజింగ్ డిస్‌క్లోజర్ అందాక క్లోజింగ్‌కు ముందు ఆగాల్సిన 3 బిజినెస్ రోజుల గడువు మళ్లీ మొదలవదు.

రికార్డింగ్ ఫీజు (ఇంటి పత్రాలు ప్రభుత్వ రికార్డుల్లో ఎక్కించే ఫీజు), లెండర్ ఇచ్చిన లిస్టులోంచి ఎంచుకున్న సర్వీసులు అన్నీ కలిపి 10 శాతానికి మించి పెరగకూడదు. టైటిల్ కంపెనీని (ఇంటి హక్కు పత్రాలు సరిచూసి క్లోజింగ్ నడిపే సంస్థ) మీరే బయట వెతుక్కుంటే మాత్రం ఆ పరిమితి వర్తించదు.

చాలామందికి గుండె ఆగేది ఎఫ్, జి సెక్షన్ల దగ్గర. ఏడాది ఇన్సూరెన్స్, ఎస్క్రోలో (టాక్స్, ఇన్సూరెన్స్ కట్టడానికి లెండర్ విడిగా ఉంచే ఖాతా) వేసే ప్రాపర్టీ టాక్స్, నెలాఖరు దాకా వడ్డీ అక్కడే ఉంటాయి. ఇవేవీ లెండర్ అదనంగా వేసే ఫీజులు కావు, ఎలాగూ కట్టాల్సినవే ముందుగా కడుతున్నారు. 4 లక్షల డాలర్ల లోన్ 6.5 శాతానికైతే వడ్డీ రోజుకు దాదాపు 71 డాలర్లు. జూన్ 5న క్లోజ్ చేస్తే 26 రోజులకు సుమారు 1,850, 28న చేస్తే 3 రోజులకు 214. నెలాఖరులో చేస్తే ఆదా అంటారు గానీ, ఆ మధ్య రోజుల్లో మీకు లోనూ లేదు, ఇల్లూ లేదు!

క్లోజింగ్ డిస్‌క్లోజర్ మూడో పేజీలో మీ ఎర్నెస్ట్ మనీ (ఇంటికి ముందే ఇచ్చిన బయానా), రిపేర్లకు సెల్లర్ ఒప్పుకున్న క్రెడిట్ పడ్డాయో లేదో చూడండి. ఓనర్స్ టైటిల్ ఇన్సూరెన్స్ (ఇంటి హక్కుపై తర్వాత వివాదం వస్తే మిమ్మల్ని కాపాడేది) పక్కన ఆప్షనల్ అని ఉన్నా, నా మాట విని ఆ పాలసీ కొనండి. లెండర్ పాలసీ కాపాడేది లెండర్‌నే.

డబ్బు పంపాల్సిన వైర్ (బ్యాంకు ట్రాన్స్‌ఫర్) వివరాలు మెయిల్‌లో వస్తే, అది మోసగాళ్ల మెయిల్ కూడా కావచ్చు కాబట్టి, అందులోని నంబర్‌కి కాకుండా టైటిల్ కంపెనీ మొదట్లో ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేసి సరిచూసుకున్నాకే డబ్బు పంపండి.