హిగ్స్ మీద పని చేస్తానంటున్న స్వాతికి

చి. స్వాతికి,

పెదనాన్న ఆశీస్సులు. ద్రవ్యరాశి ఎక్కడి నుంచి వస్తుందో అన్న దాని మీదే పీహెచ్‌డీ చేస్తానని రాశావు. చేయమ్మా. హిగ్స్ క్షేత్రం క్వార్కుల్లాంటి మౌలిక కణాలకు ద్రవ్యరాశినిస్తుంది, నిజమే. ఆ క్షేత్రం తాలూకు కణాన్నీ హిగ్సే అంటాం. కానీ అప్లికేషన్‌లో "అన్నిటికీ ద్రవ్యరాశి హిగ్స్ వల్లే" అన్న వాక్యం ముందు కొట్టేయి. ప్రోటాన్ ద్రవ్యరాశి సుమారు 938 ఎంఇవి (కణాల ద్రవ్యరాశి కొలిచే ప్రమాణం). అందులోని మూడు క్వార్కులవీ కలిపినా 10 దాటదు. హిగ్స్ వాటా ఆ కాస్తే. మిగతాదంతా క్వార్కుల కదలికలోనూ, వాటిని పట్టి ఉంచే గ్లువాన్ల క్షేత్రంలోనూ ఉన్న శక్తి. నేను ఇంటర్వ్యూలో కూర్చుంటే మొదట ఇదే అడుగుతాను.

ప్రోటాన్ లెక్క మీద మనసుంటే లాటిస్ క్యూసీడీ వైపు వెళ్లు, అంటే క్వార్కుల, గ్లువాన్ల లెక్కను కంప్యూటర్‌లో గళ్లుగా విడగొట్టి చేసే పద్ధతి. హిగ్స్ అయితే సెర్న్, జెనీవా దగ్గరి కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల. దానికోసం ముందే విదేశాలకు పోనక్కర్లేదు, ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ వాళ్లు అక్కడ కణాల తాకిడులను గమనించే సీఎంఎస్ ప్రయోగంలో ఎన్నో ఏళ్లుగా ఉన్నారు.

అక్కడ రోజూ చేసే పని ఎలా ఉంటుందో చెప్తాను. వెయ్యి హిగ్స్‌లలో రెండో మూడో రెండు ఫోటాన్లుగా (కాంతి కణాలుగా) విడిపోతాయి. మామూలు తాకిడుల్లోనూ ఫోటాన్ జంటలు కుప్పలుతెప్పలుగా వస్తాయి. ఆ జంటల ద్రవ్యరాశి గ్రాఫులో జారుడుబల్లలా దిగే గీత మీద 125 జీఇవి (ఒక జీఇవి అంటే వెయ్యి ఎంఇవి) దగ్గర చిన్న బొడిపె, 2012 జులై 4న హిగ్స్ దొరికిందంటూ చూపించిన వాటిలో అదొకటి. సీఎంఎస్ వాళ్లు ఆ ప్రాంతాన్ని ముందు మూసి ఉంచి, ఏ ఘటనలు ఉంచాలో ఏవి తీసేయాలో ఖాయం చేసుకున్నాకే తెరిచారు. ఈ క్రమశిక్షణ నీకు మొదటి రోజు నుంచే రావాలి. చూస్తూ ఘటనలను వడపోసే హద్దులు, అంటే కట్‌లు, జరుపుతూ పోతే లేని బొడిపె కూడా లేస్తుంది.

ఇంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి బోల్తా పడతాం. 2015 డిసెంబరులో 750 జీఇవి దగ్గర సెర్న్‌లోనే ఉన్న మరో ప్రయోగం అట్లాస్‌కూ, సీఎంఎస్‌కూ ఏదో కనిపించింది. సిద్ధాంతకర్తలు వందల పేపర్లు రాసేశారు. మరుసటి ఆగస్టుకల్లా డేటా పెరిగింది, బొడిపె మాయమైంది. ఐదు సిగ్మాలు, అంటే కాకతాళీయం అనడానికి దాదాపు వీల్లేనంత గట్టి ఆధారం, వచ్చేదాకా ఎవరు తొందరపెట్టినా ఆగు.

పేపర్ మీద వేలమంది పేర్లుంటాయి, నీ పేరు మీ అమ్మ భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సిందే. అందుకని కణాల శక్తిని కొలిచే కెలోరిమీటర్ కాలిబ్రేషనో, ఏ తాకిడులను దాచుకోవాలో అప్పటికప్పుడు ఎంచే ట్రిగ్గరో, ఇది నాది అని చెప్పుకోగలిగే పని ఒకటి పట్టుకో. పైథాన్, సీ ప్లస్ ప్లస్ ఇప్పుడే గట్టిగా నేర్చుకో. పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువ. పోస్ట్‌డాక్‌ల (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగాల) కోసం దేశాలు మారాల్సి వస్తుందని మీ నాన్నకు ఇప్పుడే చెప్పు, తర్వాత టెన్షన్ ఉండదు.

హిగ్స్ తనతో తాను ఎంత బలంగా ముడిపడుతుందో ఇంకా సరిగ్గా కొలవలేదు. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆ పని ఎవరి దగ్గర జరుగుతోందో కనుక్కో.

మీ పెదనాన్న