ఎస్‌ఏఆర్ తక్కువున్న ఫోనే ఎక్కువ సేఫా?

ఒక ఫోన్‌కి ఎస్‌ఏఆర్ 0.6, ఇంకోదానికి 1.2 అని ఉంటే రెండోది రెట్టింపు ప్రమాదమా? కాదు.

ఫోన్ వదిలే రేడియో శక్తిని శరీరం కిలో కణజాలానికి ఎన్ని వాట్ల చొప్పున పీల్చుకుంటుందో చెప్పే కొలత ఎస్‌ఏఆర్. ల్యాబులో ఫోన్‌ని పూర్తి పవర్‌లో నడిపి, ద్రవం నింపిన తల ఆకారం పక్కన పెట్టి కొలుస్తారు. వచ్చినవాటిలో అన్నిటికన్నా పెద్ద అంకెనే ప్రకటిస్తారు. మామూలు వాడకంలో ఫోన్ అంత పవర్ తీసుకోవడం అరుదు. సిగ్నల్ బాగుంటే తక్కువతోనే సరిపెట్టుకుంటుంది; లిఫ్టులో ఒక్క గీతే మిగిలినప్పుడు మాత్రం పవర్ పెంచేస్తుంది. ఆ సమయంలో 0.6 ఫోనే, మంచి సిగ్నల్‌లో ఉన్న 1.2 ఫోన్ కన్నా ఎక్కువ శక్తి వదులుతూ ఉండొచ్చు. అందుకే సిగ్నల్ లేనిచోట పొడుగు కాల్స్ మానుకోవడం, ఇయర్‌ఫోన్స్ వాడడం అంకెలు పోల్చుకోవడం కన్నా మేలు.

భారత్, అమెరికాల్లో తలకి పరిమితి కిలోకి 1.6 వాట్లు, 1 గ్రాము కణజాలం మీద సగటు. యూరప్‌లో 2 వాట్లు, కానీ 10 గ్రాముల సగటు. కాబట్టి ఈ రెండింటినీ నేరుగా పోల్చకండి. చాలా ఫోన్లలో *#07# డయల్ చేస్తే విలువ కనిపిస్తుంది.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఫోన్‌ని దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, చొక్కా జేబు అసలు వద్దు. వినికిడి యంత్రం వాడేవాళ్లకి ఎస్‌ఏఆర్ కన్నా ముఖ్యమైంది, ఆ ఫోన్ యంత్రంలో గుర్రుమనే శబ్దం తెస్తుందా అన్నది. కొనేముందు యంత్రం పెట్టుకునే ఒక కాల్ చేసి చూడండి.