'హ్యాంగ్ అప్' అంటే ఫోన్ పెట్టేయడం ఎలా అయింది?

"హ్యాంగ్ అంటే వేలాడదీయడం, అప్ అంటే పైకి. రెండూ కలిస్తే ఫోన్ పెట్టేయడం ఎలా అయింది?" అని అడిగారు. ఒకప్పుడు ఫోన్ పెట్టేయడమంటే నిజంగానే దాన్ని వేలాడదీయడం, అందుకని.

ఈ మాట నాకు బాగా గుర్తుండిపోవడానికి ఒక కారణముంది. 2006లో హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్లో చేరాను. రాత్రి షిఫ్టు, అమెరికా కస్టమర్లు. రెండో వారంలో ఒక పెద్దాయన, మోడెమ్ వెనకున్న నంబరు చూడటానికి లేస్తూ "హ్యాంగ్ ఆన్" అన్నాడు. కాస్త ఆగు అని. ట్రైనింగులో నా బుర్రకెక్కింది మాత్రం హ్యాంగ్ అంటే ఫోన్ పెట్టేయడమని. వెనక ఉన్నది ఆనో అపో ఎవరు చూశారు? "థాంక్యూ సర్, హ్యావ్ ఎ నైస్ డే" అని ఎంతో మర్యాదగా కట్ చేశాను. పావుగంటలో టీమ్ లీడర్ పిలిచి ఆయన ఫిర్యాదు వినిపించాడు: "హీ హంగ్ అప్ ఆన్ మీ!" ఆ టెన్షన్లో నాకది ఉరి తీశాడన్నట్టే వినిపించింది.

ఇక అసలు సంగతి. పాతకాలపు గోడ ఫోన్లు ఫోటోల్లో చూసే ఉంటారు. చెక్కపెట్టె, మాట్లాడే గొట్టం దానికే బిగించి ఉంటుంది. చెవి దగ్గర పెట్టుకునే రిసీవర్ మాత్రం విడిగా, తీగతో. పెట్టె పక్కన ఒక కొక్కెం. మాట్లాడటం అయిపోయాక రిసీవర్‌ను ఆ కొక్కేనికి తగిలించాలి. అది ఊరికే పెట్టిన కొక్కెం కాదు, స్విచ్చి. రిసీవర్ బరువుకి కిందికి దిగితే మాట్లాడే సర్క్యూట్ తెగుతుంది, మళ్లీ గంట మోగడానికి లైను సిద్ధమవుతుంది. రిసీవర్ తీస్తే స్ప్రింగు కొక్కేన్ని పైకి లేపుతుంది, లైను కలుస్తుంది. తర్వాత వచ్చిన నిలువు స్తంభంలాంటి బల్ల ఫోన్లలోనూ రిసీవర్ పక్కనున్న కొక్కేనికే వేలాడేది. ఆ తర్వాత రిసీవర్‌ను అడ్డంగా పడుకోబెట్టే ఫోన్లొచ్చాయి. కొక్కెం పోయి రెండు మీటలు మిగిలాయి, మాట మాత్రం మారలేదు. టెలికాం ఇంజనీర్లు ఇప్పటికీ ఫోన్ పెట్టేసి ఉంటే ఆన్ హుక్ (కొక్కెం మీద), ఎత్తి ఉంటే ఆఫ్ హుక్ అనే అంటారు.

ఆ మీటల మహిమ మా తరం పిల్లలకు ఇంకోలా తెలుసు. మా బాబాయి వాళ్లింట్లో గుండ్రంగా తిప్పే డయల్ ఫోనుకి చిన్న తాళం వేసేవారు, పిల్లలు ఫోన్లు చేయకుండా. డయల్ చేసే పని కూడా లైనును గబగబా తెంపి కలపడమే కదా. అందుకని మీటను ఐదుసార్లు టకటకా కొడితే 5, పదిసార్లు కొడితే 0. కొట్టడంలో లయ తప్పితే రాంగ్ నంబరే. మొత్తానికి తాళం తాళంగానే ఉండేది, మా ఫోన్లు మావి. బిల్లొచ్చాక బాబాయి ఫోనునే చెక్కపెట్టెలో పెట్టి తాళమేశాడు.

మన మాట సంగతీ అంతే. చేతిలో సెల్ ఉన్నా "ఫోన్ ఎత్తట్లేదు", "పెట్టేశాడు" అంటాం. ఎత్తేదేముంది, పెట్టేదెక్కడ? మన ఇళ్లకొచ్చినవి ఎక్కువగా బల్ల ఫోన్లు కాబట్టి మనకు 'తగిలించడం' కాక 'పెట్టేయడం' నిలిచిందని నా ఊహ. బ్రిటన్‌లో 'పుట్ ద ఫోన్ డౌన్' అని అచ్చం మనలాగే కూడా అంటారు.

వాడుకలో జాగ్రత్త పడాల్సింది 'ఆన్' దగ్గర. ఉత్త 'హ్యాంగ్ అప్' అంటే పెట్టేయడం, అందులో తప్పేం లేదు. 'హ్యాంగ్ అప్ ఆన్' ఫలానా మనిషి అంటే, అవతలివాళ్లు మాట్లాడుతుండగానే ఠక్కున పెట్టేయడం. అది కోపమో, పొగరో. గతకాలంలో 'హంగ్ అప్' అనాలి. 'హ్యాంగ్డ్' అనేది ఉరిశిక్ష గురించి చెప్పేటప్పుడే. సిగ్నల్ పోయి దానంతటదే కట్టయితే మాత్రం 'వి గాట్ కట్ ఆఫ్' అనండి, తప్పు మీ మీదికి రాదు. మనమంతా ఆఫీసుల్లో అనే 'కట్ ద కాల్' మన దగ్గర చెల్లుతుంది. అమెరికన్ కస్టమర్‌తో అయితే 'యూ కెన్ హ్యాంగ్ అప్ నౌ' అనడమే మేలు.