పోటు వేరు, ప్రవాహం వేరు: చిన్నాకి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిన్నాకి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, వీడు బోటు కొన్నాడే! క్రిస్మస్ సెలవుల్లో నన్నూ పిల్లనీ సాన్ హువాన్ దీవుల్లోని ఫ్రైడే హార్బర్ తీసుకెళ్తాడట" అంది. ముందు గర్వంగా అనిపించింది. మీ పెదనాన్న పోయాక మన ఇంట్లో ఇక బోటు ఎక్కేవాళ్ళే లేరనుకున్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. రెండింటికి లేచి టీ పెట్టుకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నాతో చెప్పకుండా దాచావు చూడు, దానికి కోపం ఉంది. సియాటిల్‌కి ఉత్తరాన ఈ ఎవరెట్ మెరీనాలో, అంటే బోట్లు కట్టే రేవులో, బోటు పెట్టుకుని, అదే ఊళ్ళో ఉన్న పెద్దమ్మకి ఒక్క మాట చెప్పలేదంటే ఏమనుకోవాలి? వద్దంటాననుకున్నావేమో. ముప్ఫై ఏళ్ళు ఇక్కడి నీళ్ళ మీద తిరిగినదాన్ని, నేనెందుకు వద్దంటాను? కానీ మొదటి ప్రయాణానికి డిసెంబరు నెల ఎంచుకున్నావు. అదీ డిసెప్షన్ పాస్ అనే ఆ ఇరుకు జలసంధి మీదుగా. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. లైఫ్ జాకెట్లు సీటు కింద పెట్టకండి, ఒంటి మీద ఉండాలి. ఇంజిను ఆపే తాడు నీ ఒంటికి తగిలించుకో. రేడియో 16వ ఛానల్ మీద ఉంచు. క్యాబిన్‌లో హీటరు వేస్తే కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. బోటర్ కార్డు పరీక్షకి ఇవన్నీ చదివే ఉంటావు.

చలి సంగతి మాత్రం చదివితే తెలిసేది కాదు. ఈ నెలలో ఇక్కడి నీళ్ళు ఎనిమిది తొమ్మిది డిగ్రీల సెల్సియస్ ఉంటాయి. ఇక్కడివాళ్ళు ఒకటి, పది, ఒకటి అని లెక్క చెబుతారు. నీళ్ళలో పడ్డ మొదటి నిమిషం ఊపిరి మన మాట వినదు, దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. తర్వాత పది నిమిషాలే చేతులూ కాళ్ళూ పనిచేస్తాయి. స్పృహ తప్పడానికి ఇంచుమించు గంట. జాకెట్ లేనివాళ్ళు ఆ గంట దాకా రారు, మొదటి నిమిషంలోనే నీళ్ళు మింగుతారు. మీ అమ్మకి కాకినాడ బీచిలో కాళ్ళు తడుపుకున్న అలవాటే తెలుసు. ఆవిడకి ఇది అర్థమయ్యేలా నువ్వే చెప్పు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. ఇన్నేళ్ళలో మీ అక్కకి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

1994 నవంబరు. మా దగ్గర 24 అడుగుల పాత సెయిల్ బోటు ఉండేది. ఎంత తొక్కినా ఇంజిను మీద ఐదు నాట్స్, అంటే గంటకి తొమ్మిది కిలోమీటర్లు, దాటేది కాదు. మీ అక్కకి ఎనిమిదేళ్ళు. స్కాగిట్ బేలో, పాస్‌కి కాస్త తూర్పున, ఒక చిన్న దీవి ఉంది. పేరు హోప్ ఐలాండ్. చార్టులో ఆ పేరు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మన కాకినాడ రేవుకి అడ్డంగా నిలబడి తుఫాను అలల్ని ఆపేదీ హోప్ ఐలాండే కదా. "అక్కడే పడుకుందాం" అని పట్టుబట్టాను. ఆ రాత్రి దీవి చాటున హాయిగా నిద్రపోయాం.

టైములు చూసే పని నాది, చుక్కాని పని మీ పెదనాన్నది. ఎర సామాన్ల కొట్లో ఇచ్చిన చిన్న టైడ్ పుస్తకంలో మర్నాటి హైటైడ్ 9 గంటల 10 నిమిషాలని ఉంది. పెన్సిల్‌తో చుట్టూ సున్నా చుట్టాను. చిన్నప్పుడు జగన్నాథపురం వంతెన మీద నుంచి ఉప్పుటేరులో పడవల్ని చూస్తూ పెరిగిన మనిషిని. పోటు నిండాక నీళ్ళు నిలబడతాయి, ఆ తర్వాత పాటు మొదలవుతుంది, పడవలు కదులుతాయి. నాకు తెలిసింది అదే. తెలుసన్న ధీమాతోనే పుస్తకంలో ఇంకో పేజీ తిప్పలేదు.

8:25కి లంగరు ఎత్తాం. వాన రాత్రే వెలిసింది, పడమటి గాలి తిరిగింది. మీ పెదనాన్న చుక్కాని దగ్గర, నేను లోపల పులిహోర డబ్బా తీస్తున్నాను. "ఏమిటే, చెట్లు ఇంత జోరుగా వెనక్కి పోతున్నాయి?" అన్నాడాయన. తల బయటికి పెట్టి చూశాను. ఇంజిను చప్పుడు మామూలుగానే ఉంది. గట్టు మాత్రం రైల్లోంచి చూసినట్టు పరిగెడుతోంది. నీళ్ళు నిలబడలేదు, పడమటికి లాగేస్తున్నాయి. బోటు వెనక్కి తిప్పాడు. మూతి తూర్పుకి తిరిగింది, ఇంజిను పూర్తిగా వేశాడు, అయినా మేం పాస్ మీద కట్టిన వంతెన వైపే వెనక్కి జారుతున్నాం. అలా వెనక్కి వెళ్ళి రాయికి కొట్టుకోవడం కంటే ముందుకు తిరిగి పోవడమే నయమని మళ్ళీ తిప్పాడు.

వంతెన కింద నీళ్ళు ఎలా ఉన్నాయో చెప్తాను. కొన్నిచోట్ల నూనె పోసినట్టు నున్నగా, అడుగు నుంచి ఉబికి పైకి వస్తున్నాయి. దాని పక్కనే సుడి. బోటు ఆ నున్నటి చోటుకి వెళ్ళగానే చుక్కాని చేతిలో తేలికైపోయిందన్నాడు, ఏమీ పట్టనట్టు. వంతెన దాటాక అసలు సంగతి కనబడింది. లోపలి నుంచి వెళ్ళే నీరూ, బయటి నుంచి వచ్చే పడమటి గాలీ ఎదురెదురుగా కొట్టుకుంటున్నాయి. అలలు మరీ పెద్దవి కావు, ఆరడుగులు ఉంటాయేమో. కానీ గోడల్లా నిటారుగా, ఒకదాని వెనకే ఒకటి, మధ్యలో బోటుకి ఊపిరి తీసుకునే చోటు లేదు. మూడో అలకి లోపల ఉన్నవన్నీ కింద పడ్డాయి. పులిహోర డబ్బా మూత ఊడి మెతుకులూ పల్లీలూ నేలంతా. మీ అక్క ఏడవలేదు. ఒక చేతి గ్లవ్ ఎక్కడో పోయింది, ఆ వట్టి చేత్తో నా చీలమండ పట్టుకుని కూర్చుంది. ఇప్పటికీ ఎప్పుడైనా ఆ చోట చల్లగా తగిలినట్టుంటుంది నాకు.

ఎంతసేపు పట్టిందో తెలీదు. పది నిమిషాలై ఉంటుంది. ఉత్తరంగా తిరిగి బౌమన్ బేలో దూరాం. అక్కడ ఒక ముసలి జాలరి మా తాడు అందుకుని కట్టాడు. నా పుస్తకం అడిగి తీసుకుని, నేను చుట్టిన సున్నా చూసి, వెనక పేజీలు తిప్పి చూపించాడు. కరెంట్ టేబుల్, అంటే ప్రవాహాల పట్టిక. ఆ రోజు తేదీకి ఎదురుగా, స్లాక్, అంటే నీళ్ళు నిలబడే వేళ, ఎన్నింటికో, ప్రవాహం ఎప్పుడు ఎంత జోరో, అంతా అచ్చేసి ఉంది. అదే పుస్తకంలో, నా చేతిలోనే. నేను చూసింది నీళ్ళ ఎత్తు, చూడాల్సింది నీళ్ళ పరుగు.

రెండు నీళ్ళ తొట్లకి మధ్యలో సన్నటి గొట్టం పెట్టావనుకో. ఒక తొట్టి నిండినంత మాత్రాన గొట్టంలో నీళ్ళు ఆగవు. రెండు తొట్లలో మట్టం సమానమైనప్పుడే ఆగుతాయి. పాస్ ఆ గొట్టం లాంటిది. ఇటు స్కాగిట్ బే, అటు హువాన్ డి ఫ్యూకా జలసంధి, రెండూ వేర్వేరు టైముల్లో, వేర్వేరు ఎత్తులకి నిండుతాయి. అందుకే హైటైడ్ టైముకీ స్లాక్ టైముకీ పొంతన ఉండదు. జోరుగా ఉన్నప్పుడు అక్కడ ప్రవాహం ఎనిమిది నాట్స్ దాకా ఉంటుంది, అంటే గంటకి దాదాపు 15 కిలోమీటర్లు. నోవా అనే ఇక్కడి ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ వాళ్ళ సైట్‌లో డిసెప్షన్ పాస్‌కి విడిగా కరెంట్ పట్టిక ఉంది. అది చూడు. ఫోన్‌లో యాప్ పెట్టుకున్నా, అది చూపిస్తున్నది టైడా, కరెంటా అని రెండుసార్లు చదువు. నీది ఇంజిను బోటు, జోరుగా పోతుందని అంటావు, తెలుసు. ఇంజిను ఆగిపోతే నీ బోటూ మా బోటూ ఒకటే.

నా మాట వింటే మొదటిసారి పాస్ జోలికే వెళ్ళకు. లా కానర్ మీదుగా స్వినోమిష్ ఛానల్‌లో పోతే అనకోర్టెస్ దగ్గర తేలతావు. దక్షిణపు మూతి దగ్గర లోతు తక్కువ, గుర్తులు దాటి ఒక్క గజం పక్కకి వెళ్ళినా బురదే. బురదలో కూరుకుంటే సిగ్గే, ప్రాణానికి భయం లేదు.

ఇక గాలి. ఇక్కడ చలికాలపు వాయుగుండం పసిఫిక్ నుంచి వస్తుంది. అది దగ్గర పడుతుంటే ఆగ్నేయం నుంచి గాలి లేస్తుంది, బారోమీటరు దిగుతుంది. ఫ్రంట్, అంటే దానితో వచ్చే చల్లగాలి అంచు, దాటగానే వాన తగ్గి, మబ్బు విరిగి, వెలుతురొస్తుంది. అమ్మయ్య అనుకుంటావు. అప్పుడే జలసంధి పొడుగునా పడమటి గాలి తోసుకొస్తుంది. మమ్మల్ని పట్టింది అదే. ఇంకొకటి ఉంది, అది నీలాకాశంతో వస్తుంది. కెనడా లోపలి చలిగాలి ఫ్రేజర్ లోయలోంచి దూకి బెల్లింగ్‌హామ్ మీదా, సాన్ హువాన్ దీవుల ఉత్తరం వైపూ విరుచుకుపడుతుంది. ఎండ కాస్తూ ఉంటుంది, తుంపర మాత్రం డెక్ మీద పడీ పడగానే గడ్డకడుతుంది. కిటికీలోంచి చూసి "ఈరోజు బావుంది" అని బయల్దేరకు.

మన దగ్గరైతే రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని రేడియోలో చెప్పేవాళ్ళు, పడవలు ఆగిపోయేవి. ఇక్కడ నీ కోసం ఎవరూ జెండా ఎగరేయరు. వాతావరణ శాఖ సముద్రపు ఫోర్‌కాస్ట్ నువ్వే వినాలి, రాత్రొకసారి, పొద్దున్నొకసారి. స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ, చిన్న బోట్లకి ఇచ్చే హెచ్చరిక, అంటే గాలి 21 నాట్స్ నుంచి మొదలు. గేల్ వార్నింగ్ అంటే 34. మీ అమ్మా పిల్లా బోటులో ఉంటే నీకు మొదటి మాటే చాలు, ఇంట్లో ఉండిపో. హోటల్ డబ్బు పోతే పోనీ, నేనిస్తాను.

డిసెంబరు చివర్లో పొద్దున ఎనిమిదికి గానీ తెల్లారదు, నాలుగున్నర లోపే పొద్దుగూకుతుంది. నాకు చీకటంటే భయం దుంగల వల్ల. ఈ నెలల్లో పోట్లు ఏడాదిలోకెల్లా పెద్దవి, కింగ్ టైడ్స్ అంటారు. అవి ఒడ్డున పడున్న చెట్టు మొద్దులన్నిటినీ లేపి నీళ్ళలోకి తెస్తాయి. కొన్ని నిలువుగా తేలుతుంటాయి, పైకి తల మాత్రమే కనబడుతుంది. 20 నాట్స్ మీద అలాంటిదొకటి తగిలితే బోటు అడుగు చీలిపోతుంది. పైగా వాయుపీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీటి మట్టం ఒక సెంటీమీటరు లేస్తుంది. తుఫాను వేళ పట్టికలో రాసినదానికంటే ఒక అడుగు ఎక్కువే రావచ్చు. 2022 డిసెంబరు 27న సియాటిల్‌లో సౌత్ పార్క్ ఇళ్ళలోకి నీళ్ళొచ్చింది అలాగే. అందుకని మూడింటికల్లా డాక్‌కి కట్టేసి ఉండాలి నువ్వు.

లంగరు వేయాల్సి వస్తే ఒకటి గుర్తుపెట్టుకో. చలికాలంలో అన్నిటికంటే పెద్ద పాటు ఇక్కడ రాత్రిపూట వస్తుంది. సాయంత్రం పన్నెండడుగుల నీళ్ళు చూసి లంగరు వేస్తావు, అర్ధరాత్రికి అందులో పదడుగులు పోతాయి. విశాఖలో పోటుకీ పాటుకీ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు కాబట్టి మనవాళ్ళకి ఇది తట్టదు. రాత్రి ఎంత దిగుతుందో చూసుకుని, దాని మీద లెక్క వేసుకుని ఆగు.

చాలా తిట్టానా? మీ పెదనాన్న ఉంటే నవ్వి, "వాణ్ణి వెళ్ళనీవే, ఆ నీళ్ళు చూడాలి" అనేవాడు. నిజమే. చలికాలంలో గాలి ఆగిన పొద్దున రోజారియో జలసంధి దాటుతుంటే బేకర్ కొండ గులాబీ రంగులో లేస్తుంది. చుట్టూ ఇంకో బోటు ఉండదు. అది మీ అమ్మకి చూపిస్తానన్నావట. చిన్నప్పుడు నన్ను జగన్నాథపురం వంతెన మీదికి లాక్కెళ్ళింది మీ అమ్మే, తనకి చూపించు.

ఆ పాత టైడ్ పుస్తకం నా దగ్గరే ఉంది, పెన్సిల్ సున్నాతో సహా. శనివారం పిల్లని తీసుకుని రా. అక్క చిన్నప్పటి లైఫ్ జాకెట్ అటక మీద ఉంది, కానీ అది పాతబడిపోయింది, పిల్లకి కొత్తది కొందాం. మీ అమ్మకి నా ఎర్ర జాకెట్ సరిపోతుంది. తనకి బోటులో కడుపు తిప్పుతుంది, శొంఠి పొడి కట్టి ఇస్తాను. నువ్వు మాత్రం ఈ నెల కరెంట్ టేబుల్ ప్రింట్ తీసి తీసుకురా, ఇద్దరం కూర్చుని స్లాక్ టైములు గుర్తుపెడదాం.

మీ పెద్దమ్మ