వంతు వచ్చేలోగా

అనంతపురం

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. వచ్చే ఆదివారం మీ కంపెనీ తరఫున నువ్వు గోల్ఫ్ పోటీలో పద్దెనిమిది హోల్స్, అంటే రంధ్రం దాకా బంతిని కొట్టుకుంటూ పోయే పద్దెనిమిది దారులు, ఆడుతున్నావని చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాడి గొంతు వణుకుతూనే ఉంది. ఫోను పెట్టేశాక నేను మంచం మీద వాలానే గానీ తెల్లవారేదాకా కన్ను మూతపడలేదు. చిన్నప్పుడు నువ్వు పెరట్లో వేపచెట్టు కింద పండ్లను వరసగా పేర్చి, నా గొడుగు తిరగేసి పట్టుకుని ఒక్కొక్కటే ప్రహరీ దాటేలా కొట్టేదానివి. గొడుగు పిడి విరిగిన రోజు నిన్ను గట్టిగా తిట్టాను. ఆ తిట్టు ఇన్నాళ్ళకు వెనక్కి తీసుకుంటున్నాను.

బంతి ఎలా కొట్టాలో నేను చెప్పను. అది నీకు నేర్పేవాళ్ళు ఉన్నారు. కొట్టడానికీ కొట్టడానికీ మధ్య ఏం చేయాలో ఎవరూ నేర్పరు. నలుగురు కలిసి ఆడితే నాలుగు గంటలు దాటే ఆటలో, బంతిని నిజంగా తాకే సమయం కొన్ని నిమిషాలే. తక్కినదంతా నడక, చూపు, ఎదురుచూపు. నా భయమంతా అక్కడే ఉంది.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. గంట ముందే చేరుకో. టోపీ, నీళ్ళు మరిచిపోవద్దు. సంచిలో క్లబ్బులు, అంటే బంతి కొట్టే కర్రలు, పద్నాలుగుకు మించి ఉండకూడదు. నీ బంతుల మీద సిరాతో గుర్తు పెట్టుకో. ఇంకో బంతి జేబులో ఉండాలి, సంచి అడుగున కాదు. ఫోను చప్పుడు ఆపేసి లోపల పెట్టు. ఈ చివరి మాట రెండుసార్లు చదువు, నీ సంగతి నాకు తెలుసు.

ఇక వంతు. మొదటి టీ దగ్గర, అంటే తొలి దెబ్బ కొట్టే చోట, ఎవరు ముందో నిర్వాహకులు ఇచ్చిన జాబితా చెబుతుంది. ఆ తర్వాత ప్రతి టీ దగ్గరా, అంతకుముందు హోల్‌లో తక్కువ దెబ్బలతో ముగించినవారిది మొదటి వంతు. దానినే ఆనర్ అంటారు. సమానమైతే పాత వరసే కొనసాగుతుంది. టీ దాటాక, రంధ్రానికి ఎవరి బంతి ఎక్కువ దూరంలో ఉంటే వారు ముందు. ఇది కొత్త మర్యాద కాదు. 1744లో స్కాట్లాండ్‌లోని లీత్‌లో పదమూడు నిబంధనలు రాసుకున్నప్పుడే, దూరంగా ఉన్న బంతి ముందు ఆడాలని పన్నెండోదిగా చేర్చారు.

మీ పోటీ స్ట్రోక్ ప్లే, అంటే మొత్తం దెబ్బలు తక్కువైనవారు గెలిచేది, అని మీ నాన్న చెప్పాడు. అందులో వంతు తప్పినా శిక్ష లేదు. ఒకరికి లాభం కలిగించడానికి ఇద్దరు మాట్లాడుకుని వంతు మారిస్తేనే ఇద్దరికీ రెండేసి దెబ్బలు కలుస్తాయి. 2019లో నిబంధనలు తిరగరాసినప్పటి నుంచి, ప్రమాదం లేని చోట సిద్ధంగా ఉన్నవారు ముందు కొట్టడమే మంచిదని చెబుతున్నారు. రెడీ గోల్ఫ్ అంటారు. దూరంగా ఉన్నవారు ఇంకా క్లబ్బు వెతుక్కుంటుంటే, "నేను కొట్టనా?" అని అడిగి, వారు తల ఊపాక కొట్టు. అడగకుండా కొట్టకు. ఎప్పుడైనా ఒక్కో హోల్‌కు గెలుపోటములు తేల్చే మ్యాచ్ ప్లే ఆడితే మాత్రం జాగ్రత్త. అక్కడ వంతు తప్పి కొడితే, అది ఎంత గొప్ప దెబ్బ అయినా ఎదుటివారు వెంటనే రద్దు చేసి మళ్ళీ కొట్టమనవచ్చు.

నీ వంతు వచ్చాక నలభై సెకన్లలో కొట్టాలని నిబంధనల పుస్తకం సూచిస్తుంది. వినగానే అది తక్కువ అనిపిస్తుంది. కానీ మన ఊరి చెరువు కింద మీ తాత మడికి నీళ్ళు పెట్టుకున్న తీరు నేను చూశాను. పొలాలకు నీళ్ళు పంచే నీరుగట్టి వంతు చెప్పి వెళ్ళేవాడు. తాత వంతు రాత్రి రెండు గంటలకైతే, సాయంత్రానికే ఆయన కాలువలో గడ్డి తీసేసి, మడవ దగ్గర మట్టి మెత్తగా చేసి, పార గట్టున పెట్టి కూర్చునేవాడు. పై మడి మూయగానే ఇక్కడ తెరిచేవాడు. ఎవరినీ తొందరపెట్టలేదు, తానూ పరుగెత్తలేదు. ఆయన పని అంతా వంతు రాకముందే అయిపోయేది. నువ్వూ అలాగే చెయ్యి. ఎదుటివారు కొడుతున్నప్పుడు వారి చూపుకు అడ్డం రాకుండా నిలబడి, నీ దూరం లెక్క వేసుకో, గాలి చూసుకో, క్లబ్బు చేతిలోకి తీసుకో. గ్రీన్ మీద, అంటే రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, వారి బంతి దొర్లే దారిలో కాలు పెట్టకు, నీ నీడ కూడా అక్కడ పడనీయకు. సంచిని తర్వాతి టీ వైపు పెట్టుకో. అందరూ ముగించగానే గ్రీన్ దిగిపో, లెక్క తర్వాతి టీ దగ్గర రాసుకో.

నువ్వు ఏ పనినైనా ఆఖరి నిమిషానికి తోసే మనిషివి. పరీక్ష రోజు హాల్‌టికెట్ ఇంట్లో మరిచిపోతే, నేను స్కూటరు మీద టవర్ క్లాక్ దాకా తెచ్చి ఇచ్చాను. అప్పుడు నువ్వు ఏడుస్తూ నా చేతిలోంచి లాక్కున్నావు. అంత కంగారులో ఉన్న మనిషి చుట్టుపక్కల ఎవరున్నారో చూడదు. అందుకే ఈ ఉత్తరం.

ఇప్పుడు చెప్పబోయేది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

1989లో నేను బెంగళూరులో ఒక కర్మాగారంలో లెక్కలు చూసేవాడిని. మా అధికారి నన్ను తను ఆడే గోల్ఫ్ మైదానానికి తీసుకెళ్ళేవారు. ఆట మొదలుపెట్టి ఏడాది అయింది. నా సంచి మోసే క్యాడీగా వచ్చే కుర్రాడిది హిందూపురం దగ్గర పల్లె. పదిహేడేళ్ళు ఉంటాయి. ఆ మైదానంలో నాతో తెలుగు మాట్లాడేది వాడొక్కడే. ఏ గ్రీన్ ఎటు వాలుతుందో, ఏ గాలికి ఏ క్లబ్బు సరిపోతుందో నాకు నేర్పింది వాడే.

ఆ ఆదివారం పదకొండో హోల్‌లో నా బంతి పొదల్లోకి పోయింది. అప్పట్లో వెతకడానికి అయిదు నిమిషాలే అనుమతి, నేను పది నిమిషాలు వెతికాను. కొత్త బంతి, ఖరీదైనది, వదల్లేకపోయాను. ఈలోగా వెనక ఉన్న నలుగురు వచ్చి చెట్టు నీడలో నిలబడ్డారు. వాళ్ళను ముందుకు వెళ్ళమని చెయ్యి ఊపాలి. అది తెలిసీ ఊపలేదు. ఊపితే చేతగానివాడినని ఒప్పుకున్నట్టు అనిపించింది.

పన్నెండో హోల్ ఎడమకు తిరుగుతుంది, మధ్యలో మెరక. బంతి పడేచోటు టీ దగ్గరికి కనబడదు. కాబట్టి క్యాడీ ముందుగా వెళ్ళి, మెరక మీద నిలబడి, దారి ఖాళీ అయ్యాక తెల్ల గుడ్డ ఊపి పక్కకు తప్పుకుంటాడు. వాడు బయలుదేరాడు. వెనకవాళ్ళు టీ దగ్గరికి వచ్చేశారు. వాళ్ళ చూపులు నా వీపు మీద ఉన్నట్టు అనిపించింది. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. అంతే. గుడ్డ ఊగిందో లేదో చూడకుండా కొట్టేశాను. బంతి కుడికి వంకర తిరిగింది. ముందున్నవారిని హెచ్చరించడానికి అరవాల్సిన "ఫోర్" నా నోట్లోంచి రాలేదు.

చప్పుడు వినబడింది. ఎండిన కొమ్మ విరిగినట్టు, చిన్నగా.

నేను మెరక ఎక్కేసరికి వాడు గడ్డిలో కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో పడి ఉంది. తెల్ల గుడ్డ ఇంకా కుడి చేతి గుప్పిట్లోనే ఉంది. నన్ను చూసి వాడన్న మొదటి మాట, "బంతి ఇక్కడే ఉంది సార్." నొప్పి గురించి కాదు, నా తప్పు గురించి కాదు, నా బంతి గురించి చెప్పాడు. మెడ కింద ఎముక విరిగింది. ఇంకో జానెడు పైకి తగిలి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాడిని కాదు, గోల్ఫ్ అన్న మాటే నా నోట వచ్చేది కాదు.

వాణ్ని తన కారులో ఆసుపత్రికి చేర్చింది ఎవరనుకున్నావు? ఆ గొంతు సవరించుకున్న పెద్దమనిషే. వరండాలో కూర్చున్నప్పుడు క్షమించమని అడిగాను, మిమ్మల్ని ఆలస్యం చేశానన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "మాకేం తొందర బాబూ, నీడలో హాయిగా ఉన్నాం" అన్నాడు. నన్ను తరిమింది వాళ్ళు కాదు అమ్మడూ. ముందు హోల్‌లో నేను పారేసిన సమయమూ, దానికి పడ్డ సిగ్గూ నన్ను తరిమాయి.

ఆరు వారాలు వాడు సంచి మోయలేకపోయాడు. సంచి మోస్తేనే కూలి. ఆ కూలి డబ్బు నేను ప్రతి ఆదివారం వాళ్ళ గదికి వెళ్ళి ఇచ్చాను. వాళ్ళమ్మ రాగిసంగటి పెట్టి, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆమె తిట్టి ఉంటే తేలికపడేవాడిని. తర్వాత వాడు మళ్ళీ నా సంచే మోశాడు, నేను ఉద్యోగం విరమించి ఇక్కడికి వచ్చేదాకా. చొక్కా గుండీ తీసినప్పుడు ఆ ఎముక దగ్గర బుడిపె కనబడేది. నేను తల తిప్పుకునేవాడిని.

అందుకని, తల్లీ, బంతి కనబడకపోతే మూడు నిమిషాలే వెతుకు. ఇప్పుడు నిబంధన కూడా అంతే. కొట్టినప్పుడే పొదల్లో పడిందేమోనన్న అనుమానం వస్తే అక్కడే "ప్రొవిజనల్" అని, అంటే తాత్కాలిక బంతి అని, పైకి చెప్పి ఇంకోటి కొట్టు. ఆ మాట అనకపోతే రెండో బంతే ఆటలో ఉన్నట్టు లెక్క. వెనకవాళ్ళు ఆగి ఉండి, మీ ముందు దారి ఖాళీగా ఉంటే, మీ నలుగురితో చెప్పి వాళ్ళను ముందుకు పంపించు. నవ్వుతూ పంపించు. అకారణంగా ఆలస్యం చేస్తే మొదటిసారి ఒక దెబ్బ కలుస్తుంది, రెండోసారి రెండు. కలిస్తే కలవనీ. దెబ్బ కలుస్తుందన్న భయంతో, ఎదుట మనిషి ఉన్నాడో లేడో చూడకుండా మాత్రం కొట్టకు. ముందు జట్టు నీ బంతి అందనంత దూరం వెళ్ళాలి. క్యాడీ ఎక్కడున్నాడో నీ కళ్ళతో చూడాలి. బంతి వంకర పోయిందని తెలిసిన క్షణమే "ఫోర్" అని గొంతు చించుకుని అరవాలి. నలుగురిలో ఆడపిల్ల అరిచిందని ఎవరైనా వింతగా చూస్తే చూడనీ.

నీ సంచి మోసే మనిషిని పేరు అడిగి తెలుసుకో. మధ్యలో ఆగినప్పుడు నీతో పాటు అతనికీ ఏదైనా పెట్టు. మీ పెద్దమ్మ వేరుసెనగ ఉండలు చేస్తోంది, శుక్రవారం బస్సులో మీ మామ తెస్తాడు. అవి ఇద్దరికీ సరిపోతాయి.

ఆ పొట్లంలోనే ఒక పాత పావలా ఉంటుంది. ఖడ్గమృగం బొమ్మ ఉన్నది. ఇప్పుడది బజారులో చెల్లదు, గ్రీన్ మీద బంతి స్థానం గుర్తుపెట్టడానికి చెల్లుతుంది. ఆ కుర్రాడు మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు నాకు ఇచ్చాడు, ఆ తర్వాత నేను ఆడిన ప్రతి గ్రీన్ మీదా అదే పెట్టాను. ముందు బంతి వెనక నాణెం పెట్టు, ఆ తర్వాతే బంతి ఎత్తు. ఆదివారం ఆట అయిపోగానే, ఎన్ని దెబ్బలైనా సరే, నాకు ఫోను చెయ్యి. నేను ఫోను పక్కనే కూర్చుని ఉంటాను.

మీ పెదనాన్న